వెనక అద్దం

పిడుగురాళ్ళ,
10 ఆగస్టు 2025, ఆదివారం.

చిరంజీవి త్రికోటేశ్వరరావుకి,

ముందు ఆ రోజు జరిగింది రాస్తాను. నువ్వు ఎప్పుడూ అడగలేదు. మీ అక్క దినాల్లో అడుగుతావనుకున్నాను. కానీ చితి ఆరకముందే నువ్వు అవతలి పార్టీవాళ్ళ ఇళ్ళ మీద పడ్డావు, అరెస్టయ్యావు. ఇప్పుడు బెయిలు షరతు మీద కృష్ణకి అవతల ఉన్నావు. ఫోనులో ఇలాంటివి మాట్లాడవద్దని మీ లాయరు అన్నాడు. అందుకని ఉత్తరం.

నవంబరు పదిహేడు, మీ జెడ్పీటీసీ ఉప ఎన్నిక పోలింగు. ఉదయం ఆరింటికి నువ్వు నా కారు తెచ్చి గేటు ముందు పెట్టావు. అది తొమ్మిది రోజులు నీ దగ్గరే ఉంది. నీ బండి అందరికీ తెలుసని, తిరగడానికి నాది అడిగావు. ఇచ్చాను. కడిగించి తెచ్చావు. సుశీల కారు చుట్టూ ఒకసారి తిరిగి, "చూశారా మా తమ్ముణ్ణి. మీరు సంవత్సరానికి ఒక్కసారైనా ఇట్టా మెరిపించారా?" అంది. వెనక అద్దం మూలల్లో రెండు నీలం టేపు ముక్కలున్నాయి. పార్టీ స్టిక్కర్లు పీకిన గుర్తులనుకున్నాను. నువ్వు కాఫీ తాగకుండా వెళ్ళిపోయావు.

రావులగుంట బూతుల్లో కూర్చున్న మీ ఏజెంట్లకి భోజనం తీసుకెళ్ళే పని మీ అక్క తన మీద వేసుకుంది. పుట్టిన ఊరు కదా. పులిహోర, పెరుగన్నం, నాలుగు డబ్బాలు. పదకొండు కావస్తుండగా ఇంటి దగ్గర బయలుదేరాం. ఊరి మొదట్లో కోళ్ళ ఫారం మలుపులో ట్రాక్టరు అడ్డంగా ఉంది. ఆపాను. రివర్సు వేసేలోగా వెనక కూడా జనం నిలబడ్డారు. ఇరవై మంది ఉంటారు. మొదటి రాయి నా పక్క అద్దానికి తగిలింది. రెండోది ముందు అద్దానికి. తర్వాతవి తెలియదు. "దిగరా బయటికి" అని అరుస్తున్నారు. నన్నే అనుకున్నాను. గాజు నలుసులు కంట్లో పడ్డాయి. సుశీల గట్టిగా ఏదో అంది, నాతో కాదు, వాళ్ళతో. తర్వాత ఆమె వైపు తలుపు తెరుచుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి నా చేతిలో ఉండగానే గొడ్డలి పడింది. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మెడ మీద. "ఆడమనిషిరా! ఆడమనిషి!" అని ఎవరో కేక వేశారు. అందరూ ఆగారు. తర్వాత పరిగెత్తారు.

ట్రాక్టరు నేనే పక్కకి తీశాను. ఆమెని వెనక సీట్లో పడుకోబెట్టి గురజాల ఆస్పత్రికి తీసుకెళ్ళాను. పంతొమ్మిది నిమిషాలు పట్టింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, ముందు నా కంటికి కట్టు కట్టమని నర్సుతో చెప్పింది. అప్పుడు నాకు అర్థమైంది.

ఇది రాయడానికి కారణం ఉంది. ఆ కారు తలుపులు కదలగానే వాటంతటవే లాక్ అవుతాయి. ఆ చప్పుడు చిరాకని నేను ఆ ఏర్పాటు ఆపించేశాను. బయలుదేరేటప్పుడు నేనే బటన్ నొక్కేవాణ్ణి. ఆ రోజు నొక్కానో లేదో నాకు గుర్తు లేదు. తొమ్మిది నెలలుగా నేను ఆలోచిస్తున్నది ఇదొక్కటే. ఆమె తలుపు బయటనుంచి ఎవరో తీశారంటే, నేను నొక్కలేదని.

తలుపులు ఎప్పుడు లాక్ అయ్యాయో, ఎలా తెరుచుకున్నాయో కారులోనే నమోదవుతుందని విని షోరూముకి రాసి అడిగాను. ఒక్క మనిషి కోసం ఆ లెక్కలు చదవరట. అయితే కంపెనీ వాళ్ళు ఒక పరీక్షా కార్యక్రమం నడుపుతున్నారు. రోడ్డు మీద దెబ్బలు తిన్న కార్లని యజమానుల దగ్గర ఆరు నెలలకి తీసుకుని తాళాలు, తలుపులు, అద్దాలు ఎలా తట్టుకున్నాయో పరీక్షిస్తారు. అందులో చేరితే కారు లోపలి కంప్యూటరు చదివి, ఆ కాగితం నాకూ ఇస్తారు. కోర్టు ఫొటోలు తీయించుకుని, బండితో ఇక పని లేదని రాసి వదిలేసింది కాబట్టి అటువైపు అడ్డు లేదు.

ఆమె నా భార్య అయినంతగా నీకు అక్క. అందుకని అడుగుతున్నాను. ఇవ్వనా?

నీ మేనకోడలు జాహ్నవి విశాఖలో హౌస్ సర్జన్సీ చేస్తోంది. బాగానే ఉంది.

సుధాకర్

*

మిర్యాలగూడ,
19 ఆగస్టు.

బావకి,

కోటేశు దండాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివా. నాలుగోసారి చదవలేకపోయా.

ఏంది బావా, అక్క రక్తం పడిన కారు కంపెనీవాళ్ళకి ఎరువిస్తావా? నువ్వు చదువుకున్నోడివి, లెటర్‌హెడ్ మీద కాగితం వస్తే చాలు, కరిగిపోతావు. తలుపు ఎవరు తీస్తే ఏంది, ఎట్టా తెరుచుకుంటే ఏంది? గొడ్డలి ఎవడేశాడో అది కావాలి మనకి. ఏ-1 నుంచి ఏ-11 దాకా పేర్లు నాకు నోటికొచ్చు. పొద్దున లేచి మొహం కడగకముందే ఒకసారి చదువుకుంటా.

నేను ఉండేది రైసు మిల్లు పైన గది. తవుడు ఎగిరొచ్చి కంచంలో పడిద్ది. వంటోడు నల్గొండవాడు, మంచోడే, గానీ పప్పులో గోంగూర వెయ్యరా అంటే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తాడు. సోమవారం సోమవారం స్టేషన్లో సంతకం. ఆదివారం వాడపల్లి దాకా పోయి వంతెన కాడ నిలబడతా. అవతల మన జిల్లా కనపడతా ఉంటది. అడుగు పెడితే బెయిలు రద్దు. ఎడ్లబండి కూడా దాటిపోద్ది, నేను దాటలేను.

నా ఆలోచన చెప్తా విను. సంవత్సరీకం నాడు ఆ కారుని రావులగుంట సెంటర్లో పెడదాం. అట్టానే, పగిలిన అద్దాలతోనే. అక్క ఫొటో బానెట్ మీద పెడదాం. ఊరంతటికీ భోజనాలు. ఆ కారు చూస్తే మనోళ్ళకి రక్తం మరిగిద్ది. వచ్చే ఎన్నికల దాకా ఆ వేడి చల్లారదు.

ఇంకో సంగతి. ఆ కంపెనీవాళ్ళు నీది తీసుకుని బదులు కొత్త బండి తిరగడానికిస్తారంటగా? ఇక్కడ మిల్లుకొచ్చే లారీ డ్రైవర్లే చెప్తన్నారు. దానికోసం ఇచ్చాడు సుధాకర్ బావ అని ఊళ్ళో అనుకుంటే నేను మొహం ఎక్కడ పెట్టుకోవాల?

ఇవ్వద్దు. అంతే.

నీ బావమరిది,
కోటేశు

*

పిడుగురాళ్ళ,
1 సెప్టెంబరు 2025.

కోటేశూ,

బదులు కారు వద్దని మొదటి రోజే రాసి ఇచ్చాను. లారీ డ్రైవర్లకి ఆ సంగతి కూడా చెప్పు.

కారు సెంటర్లో పెట్టడానికి ఒప్పుకోను. మీ అక్క బతికుండగా నలుగురి మధ్య నిలబడి ఫొటో దిగడానికే ఇష్టపడేది కాదు.

నిన్న కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఫాతిమా. తలుపుల తాళాలు పరీక్షించే ఇంజనీరు. ఎవరో పెద్దమనిషి టై కట్టుకుని వస్తాడనుకున్నాను. ఈ అమ్మాయి బస్సు దిగి, దుమ్ము కొట్టుకుంటూ నడిచి వచ్చింది. "మాది చిలకలూరిపేటే సార్. మా నాన్న స్పిన్నింగు మిల్లులో ఫిట్టరు" అంది. నాకు కొంచెం తేలికైంది.

పక్కింటి అబ్దుల్ హమీద్ తెలుసు కదా, సున్నం బట్టీ ఆయన. షెడ్డు తలుపు నేను తీయనని ఆయనకి తెలుసు, ఆయనే వచ్చి తీశాడు. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళింది. ఎడమ సీటు మీద మరకలు అలాగే ఉన్నాయి. తర్వాత చెప్పులు విప్పి పక్కన పెట్టి పని మొదలుపెట్టింది.

ముందు అద్దం మీద పదకొండు దెబ్బలు లెక్కపెట్టింది. నా పక్క తలుపు మీద గొడ్డలి గాట్లు నాలుగు. సుశీల పక్క తలుపు మీద ఒక్క గాటు కూడా లేదు. ఆ సంగతి నేను ఇప్పటిదాకా చూడలేదు. తర్వాత వెనక్కి వెళ్ళి అడిగింది.

"సార్, ఈ వెనక అద్దం ఎప్పుడు మార్పించారు?"

"మార్చలేదమ్మా. దానికి దెబ్బే తగల్లేదు."

"కారు 2021ది సార్. మిగతా అద్దాలన్నిటి మూలల్లోనూ 21 అని అచ్చు ఉంది. దీని మీద 24 ఉంది చూడండి."

హమీద్ వంగి కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశాడు. "అద్దాలకి కూడా పుట్టిన సంవత్సరం రాస్తారా తల్లీ? నా ఆధార్లో నాకే సరిగ్గా లేదు. అడిగితే చెప్పలేకపోయానని జనవరి ఒకటని రాసిపడేశారు." ఆమె నవ్వింది. ఆ షెడ్డులో ఇన్ని నెలల తర్వాత ఒక మనిషి నవ్వడం విన్నాను.

సంతకం లేకుండా కంప్యూటరుకి వైరు కూడా తగిలించకూడదట. సంతకం పెట్టే ముందు, పరీక్ష అంటే ఏం చేస్తారని అడిగాను. "తలుపు మీద అదే బలంతో మళ్ళీ కొడతాం సార్. తాళం ఎక్కడ వదిలేస్తుందో చూస్తాం" అంది. పెన్ను మూత పెట్టేశాను. ముప్పై ఏళ్ళు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో దిమ్మలు పగలగొట్టినవాణ్ణి. పగలగొడితే తప్ప బలం తెలియదని ఎంతమంది కుర్రాళ్ళకి చెప్పానో. కానీ ఆ తలుపుని మళ్ళీ కొడతారంటే చెయ్యి రాలేదు. గడువు ఇవ్వమన్నాను. నవంబరు మొదటి వారం దాకా ఇచ్చింది.

నాలుగేళ్ళలో ఆ కారు నా చేతిలోంచి బయటికి వెళ్ళింది నీ దగ్గరికి ఒక్కసారే. అద్దం ఎప్పుడు మార్చావు? ఎందుకు?

మొన్న రావులగుంట పాలకేంద్రం నరసింహారావు బజార్లో కనపడ్డాడు. అతని తమ్ముడు ఏ-4 అని నాకు తెలుసు. కానీ మీ అక్క దినాల పదకొండు రోజులూ పొద్దున్నే మా గేటు దగ్గర పాల క్యాను పెట్టి, గంట కొట్టకుండా వెళ్ళిపోయినవాడు అతనే. మొన్న నన్ను చూసి తల వంచుకుని పక్కకి జరిగాడు.

సుధాకర్

*

మిర్యాలగూడ,
9 సెప్టెంబరు.

బావా,

అద్దం సంగతి నాకెట్టా తెలిసిద్ది? సర్వీసింగులో పగలగొట్టి, నీకు చెప్పకుండా వాళ్ళే వేసి ఉంటారు. లేకపోతే అక్కే ఎక్కడన్నా తగిలించి, నీకు చెప్తే క్లాసు పీకుతావని మార్పించిందేమో. మా అక్క సంగతి నీకంటే నాకు ముందు తెలుసు. చిన్నప్పుడు నాన్న రేడియో పడేసి, పగిలిన ముక్క పసుపు డబ్బాలో దాచింది. పద్దెనిమిదేళ్ళకి దొరికింది అది.

ఒక చిన్న అమ్మాయి వచ్చి అద్దం మీద అంకె చూపిస్తే నన్ను నిలదీస్తావా? రేపు ఆ కంపెనీ మొత్తాన్నీ తీసుకొచ్చి నన్ను బోనెక్కిస్తావా?

నరసింహారావు పాలు తాగావంటే నాకు ఒళ్ళు మండింది. ఏ-4 వాడి తోడబుట్టినోడు. పాలు పోసి పాపం కడుక్కుందామనుకున్నాడు వాడు. నువ్వు తాగి వాడి పని సులువు చేశావు. ఈ మాట ఇక్కడ నన్ను చూడ్డానికొచ్చిన మనోళ్ళతో కూడా అన్నా.

ఆ కారు కళ్ళ ముందు ఉన్నంతకాలం నీకు మనశ్శాంతి ఉండదు. నేను ఒక మనిషిని పంపిస్తా. తాళం ఇవ్వు. తీసుకుపోయి మన తోటలో పెడతాడు. సంతకం మాత్రం పెట్టబాక. నా మీద ఒట్టు.

కోటేశు

*

పిడుగురాళ్ళ,
24 సెప్టెంబరు 2025.

కోటేశూ,

సుశీలకి డ్రైవింగు రాదు. నీకు తెలుసు. రెండుసార్లు నేర్పబోయాను, క్లచ్ మీద కాలు పెట్టగానే నవ్వొస్తుందని దిగిపోయేది. చనిపోయిన మనిషి మీద అబద్ధం పెట్టేటప్పుడు కొంచెం ఆలోచించాల్సింది.

అద్దం సంగతి తర్వాత. వేరే కబురు ఉంది.

మొన్న సోమవారం వాయిదాకి గురజాల వెళ్ళాను. పట్టపగలు పదిన్నరకి షెడ్డుకి ఎవరో నిప్పు పెట్టారు. పైన టార్పాలిన్, ఎడమ వైపు రెండు టైర్లు, ఆ వైపు తలుపుల రంగు కాలిపోయాయి. హమీద్ తన బట్టీ నీళ్ళ ట్యాంకరు తెప్పించి ఆర్పాడు. ట్యాంకరు వచ్చేదాకా ఆగకుండా వట్టి చేతులతో టార్పాలిన్ లాగాడు. చేతులు రెండూ మోచేతుల దాకా కాలాయి. కట్లు కట్టించుకుని వచ్చి, "నలభై ఏళ్ళు సున్నం కాల్చిన చేతులు అన్నయ్యా. ఇప్పుడు కొత్తగా కాలేదేముంది" అంటున్నాడు. రాత్రంతా మూలిగాడని వాళ్ళావిడ చెప్పింది.

కారు లోపలికి మంట పోలేదు. వెనక అద్దం ఒక మూల బీట వేసింది, ఊడలేదు.

సాక్ష్యం లేకుండా చేయడానికి ముద్దాయిల తరఫువాళ్ళే పెట్టారని పిడుగురాళ్ళలోనూ రావులగుంటలోనూ అనుకుంటున్నారు. కోర్టుకి అక్కర్లేని కారుని వాళ్ళెందుకు తగలబెడతారో నాకు అర్థం కాలేదు. పోలీసులకి రాసి ఇచ్చాను. ఎవరి పేరూ పెట్టలేదు. నీవాళ్ళు ఇక్కడ కూడా గుమిగూడుతున్నారు. కదలవద్దని చెప్పు. నీ మాటే వింటారు.

నువ్వు పంపుతానన్న మనిషి ఇంకా రాలేదు. ఇక పంపవద్దు.

సుధాకర్

*

పిడుగురాళ్ళ,
4 అక్టోబరు 2025.

త్రికోటేశ్వరరావూ,

నిన్న ఉదయం ఆరున్నరకి పాలకేంద్రంలో నరసింహారావు పాలు కొలుస్తున్నాడు. వరసలో ఆడవాళ్ళు గిన్నెలతో నిలబడి ఉన్నారు. నలుగురు మోటారు సైకిళ్ళు దిగారు. ఇద్దరు అతన్ని బల్ల మీదికి వంచి పట్టుకున్నారు. "షెడ్డు తగలబెట్టింది మీ ఇంటి చెయ్యేగా?" అని ఒకడు అడిగాడు. అతను "నాకేం తెలీదయ్యా, పాలు పోసుకునేవాణ్ణి" అన్నాడట. కుడి చెయ్యి మణికట్టుకి పైన నరికారు. ఒక్క దెబ్బకి తెగలేదు. మూడు వేశారు. తెగిన చెయ్యి పాల క్యానులో పడింది.

నేను వెళ్ళి చూశాను. వాళ్ళావిడ ఆ క్యాను ముందు కూర్చుని ఉంది. ఎవరు లేపినా లేవడం లేదు. గుంటూరు తీసుకెళ్ళారు. చెయ్యి ఐసులో పెట్టి తీసుకెళ్ళడం ఎవరికీ తోచలేదు. అతకదన్నారు.

ఆ నలుగురిలో ఇద్దరు పోలింగు రోజున మీ ఏజెంట్లు. సుశీల అన్నం పట్టుకెళ్ళింది వాళ్ళకే.

నువ్వు చేయించావా? ఒక్క ముక్క రాయి. ఎక్కువ వద్దు.

సుధాకర్

*

మిర్యాలగూడ,
13 అక్టోబరు.

బావా,

ఇది చదివి పొయ్యిలో పెట్టెయ్. ఇట్టాంటివి రాయకూడదని నాకు తెలుసు. చెప్పుకోవడానికి ఇక్కడ నాకెవరూ లేరు.

చెయ్యి సంగతి నేను చెప్పలేదు. అక్క మీద ఒట్టు. వాళ్ళంతట వాళ్ళే చేశారు. పాల సంగతి నేను అన్నది విన్నారు, షెడ్డు తగలబడింది విన్నారు, రెండూ కలిపి లెక్క వేసుకున్నారు.

షెడ్డుకి నిప్పు పెట్టించింది నేనే బావా.

నేను పంపుతానన్న మనిషి వచ్చాడు. అందుకే వచ్చాడు. వాడొక్కడికే చెప్పా, ఎవరికీ చెప్పొద్దన్నా. మనోళ్ళకి తెలియక, వాళ్ళ పనే అనుకున్నారు. నేను నోరు తెరిచి నేనే చేయించానురా అని ఉంటే నరసింహారావు చెయ్యి ఉండేది. తెరవలా. వారం రోజులు కూర్చున్నా, తెరవలా.

ఎందుకు పెట్టించానో కూడా చెప్తా. అడిగావుగా, అద్దం.

పోలింగుకి ముందు రోజు, పదహారో తారీఖు, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఏజెంట్ల కాగితాలు ఇచ్చి వస్తన్నా. నీ కారులోనే. నలుగురం ఉన్నాం. వాగు వంతెన కాడ కాపు కాశారు. వెనక నుంచి కొట్టారు. అద్దం మొత్తం ఒళ్ళో పడింది. వెనక కూర్చున్నోడి తల చిట్లి రక్తం నా మెడ మీదికి కారింది. "దిగరా కోటిగా" అని అరుస్తన్నారు. నేను దిగలా. తొక్కించా. నూట పది మీద పోయా. "కోటిగాడు పారిపోతన్నాడురో" అని వెనక ఒకటే ఈలలు, నవ్వులు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మనకాడ తల పగిలొస్తే పదిమంది వచ్చి చూసి పోతారు. పారిపోయి వచ్చాడంటే ఇంట్లోవాళ్ళు కూడా మొహం చూడరు. కేసు పెడితే పారిపోయానని నేనే రాసిచ్చినట్టు. ఏజెంట్లకి తెలిస్తే తెల్లారి ఒక్కడు కూడా బూతులో కూర్చోడు. అందుకని నరసరావుపేట పోయి చీకటి పడేలోపు అద్దం వేయించా. కారు కడిగించా. గమ్ము ఆరేదాకా టేపు తియ్యబాకండి అన్నాడు అద్దాలోడు.

పొద్దున నీ గేటు ముందు పెట్టా. అక్క నవ్వింది. నీ కారు నెంబరు వాళ్ళకి తెలిసిపోయింది బావా, ఇందులో ఇయ్యాళ బయటికి పోబాకండి అని ఒక్క మాట. నాలిక మీదే ఉంది. "కాఫీ తాగిపోరా" అంది. కూర్చుని తాగితే చెప్పాల్సి వచ్చేది. అందుకే తాగలా.

భోజనం అక్కే తెచ్చిద్దని నాకు తెలుసు. ఆడమనిషి ఉంటే చూసి వదిలేస్తారులే అనుకున్నా.

ఆ కారు కంపెనీవాళ్ళు విప్పితే అద్దం సంగతి కాగితం మీదికెక్కిద్ది. కోర్టుకి పోద్ది, ఊళ్ళోకి పోద్ది. అక్కని చంపింది వాళ్ళు కాదు, కోటిగాడు అంటారు. నేను చచ్చినా ఫరవాలేదు, ఆ మాట పడలేను.

ఇవ్వద్దు బావా. బెయిలు షరతు తీసేశాక నేనే వచ్చి నీ కాళ్ళ మీద పడతా. నువ్వు కొట్టు, నరుకు, ఏమన్నా చెయ్యి. కారు మాత్రం ఇవ్వద్దు.

కోటేశు

*

పిడుగురాళ్ళ,
2 నవంబరు 2025, ఆదివారం.

త్రికోటేశ్వరరావుకి,

నీ ఉత్తరం అందింది. జవాబుకి ఇరవై రోజులు పట్టింది. పొయ్యిలో పెట్టలేదు.

మొదటి వారం నేను కూడా గొడ్డలి గురించి ఆలోచించాను. చదువుకున్నవాణ్ణని నువ్వు అంటుంటావు. వాడపల్లి వంతెన మీద ఆదివారం నువ్వు ఎక్కడ నిలబడతావో నువ్వే రాశావు. ఆటోలో అక్కడిదాకా వెళ్ళాను. ఒడిలో సంచి, సంచిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి. అక్టోబరు పంతొమ్మిది. నువ్వు అవతలి చివర రెయిలింగు పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నావు. చిక్కిపోయావు. మెడ వెనక భాగం అచ్చం ఆమెదిలాగే ఉంది. ఆటో వెనక్కి తిప్పమన్నాను. ఇది నువ్వు తెలుసుకోవాలని రాస్తున్నాను. నువ్వొక్కడివే అలాంటివాడివి కాదు.

మొన్న గురువారం ఫాతిమాని పిలిపించి ఫారం మీద సంతకం పెట్టాను. ఆమె నా ఎదుటే వైరు తగిలించింది. మంట లోపలికి పోలేదు కాబట్టి కంప్యూటరు బాగానే ఉంది. చేతుల కట్లతో హమీద్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత కాగితం మీద రాసి చూపించింది.

పది గంటల యాభై ఎనిమిది నిమిషాలకి, మా గేటు ముందు, నాలుగు తలుపులూ లాక్ అయ్యాయి. నొక్కాను.

పదకొండు నలభై ఒకటికి ముందు ఎడమ తలుపు తెరుచుకుంది. "బయట హ్యాండిల్ కాదు సార్. లోపలిది" అంది ఫాతిమా. "మేడమ్ తనే తీశారు" అని మళ్ళీ మెల్లగా చెప్పింది.

సుశీల వాళ్ళతో ఏదో అందని నీకు మొదటి ఉత్తరంలో రాశాను. అందులో ఒక మాట నాకు వినపడింది. రాయలేదు. "తమ్ముడు" అంది. ఆ గోలలో నిన్ను సాయానికి పిలుస్తోందనుకున్నాను. భర్త పక్కనే ఉండగా తమ్ముణ్ణి పిలిచిందే అని బాధపడ్డాను కూడా. ఇంత సిగ్గుమాలిన బాధ నాలో ఉందని ఎవరికీ తెలియకూడదనుకున్నాను.

పిలవలేదు. "దిగరా" అని వాళ్ళు అరుస్తున్నది నీకోసమని ఆమెకి నాకంటే ముందే అర్థమైంది. తమ్ముడు ఇందులో లేడు, చూసుకోండి అని తలుపు తీసి చూపించింది. ఊరి ఆడపడుచుని, మొహం చూస్తే ఆగుతారనుకుంది. నువ్వు అనుకున్నదే ఆమె కూడా అనుకుంది. మొహం కనపడేలోపే గొడ్డలి పడింది.

కారు నెంబరు వాళ్ళకి తెలిసిపోయిందని ఆ ఉదయం నువ్వు చెప్పి ఉంటే ఆమె ఆటోలో వెళ్ళేది. అన్నం మాత్రం పట్టుకెళ్ళేది. అది కూడా నాకు తెలుసు.

నేను నొక్కానా లేదా అని ఏడాది నన్ను నేనే అడిగాను. నొక్కానని తెలిసింది. ఏమీ తేలిక కాలేదు.

ఇక కారు. ఆ తలుపుని మళ్ళీ కొడతారనే కదా ఆ రోజు పెన్ను మూశాను. ఇప్పుడు కొట్టనీ. ఆరు నెలల తర్వాత వెనక్కి ఇవ్వనక్కర్లేదని ఫారంలో రాశాను. వెనక అద్దం మీది అంకె గురించి ఫాతిమా తన నివేదికలో రాసింది. ముందు రోజు మధ్యాహ్నం వాగు దగ్గర వెనక తగిలిన దెబ్బలు కూడా కంప్యూటరులో ఉన్నాయి. ఒక నకలు గురజాల కోర్టుకి ఇచ్చాను. ఒకటి మీ లాయరుకి పంపాను. తర్వాత నువ్వు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

సంవత్సరీకం తిథి ప్రకారం నవంబరు ఏడున, ఇంట్లోనే. జాహ్నవి వస్తోంది. అన్నీ చెబుతాను. నువ్వు రావద్దు. బెయిలు షరతు వల్ల కాదు.

నిన్న హమీద్‌కి నీ ఉత్తరం సంగతి చెప్పాను. అతని చేతులు కాలింది నీ నిప్పుకేనని అతనికి తెలియాలి. కట్ల వంక చూసుకున్నాడు. "అయితే అన్నయ్యా, నేను మీ బావమరిదితో కుస్తీ పట్టానన్నమాట" అన్నాడు. తర్వాత, "ఇది ఆ చెయ్యి పోయినాయనకి చెప్తే కోటేశుని వదలరు వాళ్ళు" అన్నాడు. నిజమే. చెప్పకపోతే నీవాళ్ళు నరికిన చేతికి వాళ్ళు ఇంకొకటి నరుకుతారు. తప్పెవరిదో తెలియని ఇంకో మనిషి చెయ్యి. రెండోది ఆపడం ఒక్కటే నా చేతిలో ఉంది. మొదటిది, నీ మీదికి వచ్చేది, నువ్వు ఆపుకో. పోలీసుల దగ్గరికి నీ అంతట నువ్వు వెళితే అక్కడ క్షేమంగా ఉంటావు. ఈ ఉత్తరం అందేసరికి రెండు రోజులు పడుతుంది కాబట్టి, ఇదే మాట ఇవాళ మీ లాయరుకి ఫోనులో చెప్పాను. నీకు కబురు అందే ఉంటుంది.

రేపు పొద్దున ఆరింటికి కంపెనీ లారీ వస్తుంది. తాళం ఫాతిమా చేతికి ఇస్తాను. ఏడింటి బస్సుకి గుంటూరు వెళతాను. కార్తీక సోమవారం, సీటు దొరకదు, నిలబడే వెళతాను. ఆస్పత్రిలో నరసింహారావు మంచం పక్కన కూర్చుని, షెడ్డు ఎవరు తగలబెట్టించారో చెబుతాను. నీ ఉత్తరం తీసుకెళుతున్నాను. అతనికి ఇప్పుడు కాగితం పట్టుకోవడం కష్టం. నేనే చదివి వినిపిస్తాను.

సుధాకర్